ఏలూరు రోడ్డు కింద ఏముంది?

శ్రోతలందరికీ నమస్కారం. సాయంత్రం ఆరు దాటాక మన విజయవాడ బెంజి సర్కిల్లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, బస్సెక్కినా బస్టాండు చేరేసరికి ఎంతసేపవుద్దో డ్రైవర్ కూడా చెప్పలేడు. మెట్రో వస్తదని పదేళ్ళుగా వింటున్నాం. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న ప్లాన్లో మొదటి దశ 38.4 కిలోమీటర్లు, ఖర్చు 11 వేల కోట్లు, అంటే కిలోమీటరుకి 280 కోట్ల పైనే. రావాలి, నేనూ కోరుకుంటున్నా. కానీ గన్నవరం, పెనమలూరు దారుల్లో ఉండేవాళ్ళకి అది సరే, సింగ్ నగర్, భవానీపురం వాళ్ళ మాటేంటి? అందుకే ఇవాళ ట్రాము గురించి మాట్లాడదామని వచ్చాను.

ట్రాము మనకి మరీ పరాయిది కాదండీ. మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాము తిరిగింది, 1953లో ఆగింది, మనం మద్రాసు నుంచి విడిపోయి వేరే రాష్ట్రమైన ఏడాదే అది. రోడ్డులో పాతిన పట్టాల మీద నడుస్తది, ముప్పై మీటర్ల బండిలో రెండొందల మంది దాకా పడతారు, స్టాపులో అరుగు ఎత్తూ బండి నేల ఎత్తూ ఒకటే కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ కూడా సంచీ పట్టుకుని నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోవచ్చు. వంతెనలు, సొరంగాలు అక్కర్లేదు కాబట్టి మెట్రో కంటే చాలా చవక.

చవక అన్నానా, ఇక్కడే జాగ్రత్తగా వినాలి. డబ్బు బాగా పోయేది రోడ్డు కిందే. పట్టా వేశాక కింద మంచినీళ్ళ పైపు పగిలితే బాగుచెయ్యడానికి ట్రాము ఆపెయ్యాలి, అందుకని పైపులూ కేబుళ్ళూ డ్రైనేజీ అన్నీ ముందే పక్కకి జరుపుతారు, తవ్వేదాకా ఏది ఎక్కడుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. స్కాట్లండులో ఎడిన్‌బరో వాళ్ళకి ఇదే పెద్ద దెబ్బ, కాంట్రాక్టు గొడవలు కూడా తోడై 54.5 కోట్ల పౌండ్లు అనుకున్నది 77.6 కోట్లయింది, అదీ అనుకున్న లైను పూర్తిగా వెయ్యకుండానే, మూడేళ్ళు ఆలస్యంగా 2014లో. మా వీధిలో కాలవ కోసం తవ్వితే పాత పైపు పగిలి రెండ్రోజులు నీళ్ళు లేవు, అలాంటిది ఊరంతా అనుకోండి!

అదే 2014లో ఫ్రాన్స్‌లో బెజాన్సన్ అనే చిన్న ఊరు 14.5 కిలోమీటర్ల ట్రాముని 25 కోట్ల యూరోల చిల్లరలో కట్టేసుకుంది. వాళ్ళు ముందు ఇంతకి మించి పెట్టలేం అని గీత గీసుకుని, తర్వాత ట్రాము గీశారు. మిగతా ఊళ్ళలో ముప్పై మీటర్ల పైన ఉండే బండి వీళ్ళకి 23 మీటర్లే. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లండులో కోవెంట్రీ వాళ్ళయితే ముప్పై సెంటీమీటర్ల లోతులోనే పట్టి కూర్చునే పలక తయారుచేసి, కింది పైపుల్ని కదపకుండానే పట్టాలు వెయ్యచ్చా అని రోడ్డు మీదే వేసి చూశారు.

ఎడిన్‌బరో వాళ్ళు కూడా నేర్చుకున్నారండీ. మిగిలిపోయిన న్యూహేవన్ లైను మళ్ళీ మొదలెట్టినప్పుడు ఒక ముక్క రోడ్డు మూసి, పైపులు, కేబుళ్ళు, పట్టాలు అన్నీ ఒకే తవ్వకంలో ముగించి అప్పుడు తెరిచారు, 2023 జూన్‌లో బళ్ళు నడిచాయి, ఈసారి బడ్జెట్టు దాటలేదు.

మన దగ్గరైతే మంచినీళ్ళవాళ్ళొకసారి, కేబులు వాళ్ళొకసారి, డ్రైనేజీ వాళ్ళొకసారి తవ్వుతారు. ట్రాము ఎప్పుడొచ్చినా రాకపోయినా, ఏలూరు రోడ్డు ఈసారి ఎవరు తవ్వినా సరే, పూడ్చేముందు ఏ పైపు ఎంత లోతులో ఎటు పోతుందో కొలిచి ఒకే మ్యాపులో ఎక్కించమనండి. 2024లో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకొచ్చిన ఊరు మనది, వాననీటి కాలవలు ఎటు పోతున్నాయో ట్రాముకి ముందే మనకి కావాలి. ఆ మ్యాపు పని రేపే మొదలెట్టచ్చు, దానికి ఢిల్లీ నుంచి అనుమతి అక్కర్లేదు. నమస్కారం.