శనివారం టీ

శ్రోతలకు నమస్కారం.

బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. మన ఇళ్లల్లో మామూలే. రెండేళ్లు దాటినా అరిసెలకు బియ్యం నానబెట్టని ఇళ్లూ ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలతోనే నా ఉద్యోగం. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని.

2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చాక, అంగన్‌వాడీల్లోనే పిల్లల్ని పరీక్షించి, ఎదుగుదల వెనకబడినవాళ్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతున్నారు. అక్కడ పనిచేసే నాలాంటివాళ్లు ఎలా నేర్చుకుంటారు, ఎలా తట్టుకుంటారు అన్నదే ఇవాళ్టి ముచ్చట.

నేర్చుకోవడానికి దారి ఉంది. వైకల్యం ఉన్నవాళ్లతో పనిచేసే నిపుణుల్ని నమోదు చేసేది రిహాబిలిటేషన్ కౌన్సిల్. 1992 నాటి దాని చట్టం ప్రకారం మా పేరు ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉండాలి. అది నిలవాలంటే శిక్షణలకెళ్లి పాయింట్లు తెచ్చుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలాంటి చోట్ల నేర్పేది తక్కువేం కాదు. తట్టుకోవడానికే పాయింట్లు లేవు.

ఒక బాబు సంగతి చెబుతాను. రెండున్నరేళ్లు. ఆర్నెల్లు కష్టపడితే మెడ నిలిపాడు. తర్వాత ఒక వారం వరసగా ఫిట్స్ వచ్చాయి. మెడ మళ్లీ వాలిపోయింది. రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, "మేడమ్, మళ్లీ మొదటికొచ్చామా?" అంది. నేను ఫైల్లో 'ప్రోగ్రెస్: స్వల్పం' అని రాసి, బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పాను, బయటికి వినబడకుండా. ఆ రాత్రి పాలు ఒలకబోసిందని మా అమ్మాయిని కసిరాను. పాపం, గ్లాసు నేనే అంచున పెట్టాను.

మా సీనియర్ ఫిజియో మర్నాడు ఫైలు మూసేసి, "అంతా చెప్పు" అంది. చెప్పాను. మధ్యలో సలహా ఇవ్వలేదు. చివర్లో మాత్రం, "వాణ్ణి నువ్వు వారానికి ముప్పావుగంట పట్టుకుంటావ్. ఆమె రోజంతా మోస్తుంది. ఎలా ఎత్తుకుంటుందో చూశావా?" అంది.

చూడలేదు. ఆర్నెల్లుగా నా కళ్లు బాబు మెడ మీదే ఉన్నాయి. తల్లి వాణ్ణి భుజాన అడ్డంగా వేసుకునేది, కాళ్లు కత్తెరలా బిగుసుకుపోయేవి. మళ్లీ వచ్చినప్పుడు చూపించాం: కాళ్లు రెండూ విడదీసి, నడుం మీద చంకన కూర్చోబెట్టుకుని, వెనకనుంచి చెయ్యి ఆనించడం. నీళ్లు పోసేటప్పుడు, తినిపించేటప్పుడు కూడా అంతే. దానికి వేరే సిట్టింగ్ అక్కర్లేదు. ఏడుపు దిగమింగుకుని ఉంటే ఈ పాఠం నాకు ఏ వర్క్‌షాపులోనూ దొరికేది కాదనుకుంటాను.

మా సీనియర్‌లా ఒకరు కూర్చుని, మన పనిలో మనకు గుచ్చుకున్నది చెప్పించి వినడాన్ని రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ అంటారు. పేరే బరువు, పని తేలిక. శనివారం మధ్యాహ్నం గంటసేపు టీ పెట్టుకుని కూర్చుంటాం. ఒక్కొక్కరూ ఒక్క బిడ్డ గురించి, ఆ బిడ్డ దగ్గర తమకు ఎక్కడ గుచ్చుకుందో చెప్పాలి. అడిగేదాకా ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఎన్ని కేసులు చూశావన్న లెక్క అక్కడ రాకూడదు. స్పీచ్ థెరపిస్టు మొదటి రెండు వారాలు బిస్కెట్లు తిని ఊరుకున్నాడు. మూడో వారం ఆగకుండా నలభై నిమిషాలు మాట్లాడాడు.

మా కేంద్రం రిజిస్టర్లో ఈ గంటకు గడి లేదు. 'స్టాఫ్ మీటింగ్' అని రాస్తున్నాం.