గేమ్ లాగ్ అవుతోంది, ఎస్ఎస్‌డీ వేయిస్తే పోతుందా?

యాంకర్: నమస్కారం, ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ, అంటే దానికన్నా వేగంగా ఫైళ్లు చదివే డ్రైవ్, వేయిస్తే ఆన్‌లైన్ గేములు బాగా ఆడతాయా అని చాలామంది అడుగుతున్నారు. ఏళ్ల తరబడి కంప్యూటర్లు అసెంబుల్ చేస్తూ, రిపేర్లు చూస్తున్న అతిథి మనతో ఉన్నారు. నమస్కారం సార్. మొదటి కాల్ అప్పుడే లైన్లో ఉంది.

అతిథి: నమస్కారమండీ. కలపండి.

కాలర్ 1: హలో సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. రోజూ షూటింగ్ గేమ్ ఆడతాను. సాయంత్రమైతే చాలు, ఒకటే లాగ్. నేనే ముందు కాల్చాననుకుంటాను, చూస్తే చచ్చిపోయింది నేను. నాది పాత హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీ వేయించు, పింగ్ తగ్గుతుంది అంటున్నారు మా ఫ్రెండ్స్.

అతిథి: బాబూ, ఒక్క విషయం గుర్తు తెచ్చుకుని చెప్పు. లాగ్ వచ్చినప్పుడు నీ స్క్రీన్ మొత్తం బిగుసుకుపోతుందా? లేక నువ్వు మౌస్ తిప్పితే మామూలుగానే తిరుగుతూ, ఎదుటివాళ్లు మాత్రం ఇక్కడ మాయమై అక్కడ తేలుతున్నారా?

కాలర్ 1: నాకు స్మూత్‌గానే తిరుగుతుంది సార్. వాళ్లే దూకుతారు.

అతిథి: అయితే నీ డిస్క్ తప్పేమీ లేదు. మ్యాచ్ మొదలయ్యేసరికే మ్యాప్, తుపాకులు, మనుషుల బొమ్మలు దాదాపు అన్నీ డిస్క్ నుంచి ర్యామ్‌లోకి, అంటే కంప్యూటర్ అప్పటికప్పుడు వాడుకునే మెమరీలోకి, ఇంకా గ్రాఫిక్స్ కార్డ్ మెమరీలోకి వచ్చేసి ఉంటాయి. ఆ తర్వాత నువ్వు బటన్ నొక్కితే ఆ కబురు రౌటర్ మీదుగా సర్వర్‌కి వెళ్లి, జవాబు తిరిగి రావాలి. ఆ రాకపోకలకు పట్టే టైమే పింగ్. ఆ దారిలో డిస్క్ ఎక్కడా తగలదు. ఎస్ఎస్‌డీతో పింగ్ తగ్గుతుందనడం మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. ఫైబర్ కేబుల్లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 2,000 కిలోమీటర్ల దూరంలో ఉందనుకో, వెళ్లి రావడానికే 20 మిల్లీసెకన్లు కావాలి. ఎంత ఖరీదైన డ్రైవ్ వేసినా అందులో ఒక్కటి కూడా తగ్గదు.

కాలర్ 1: మరి నేనేం చేయాలి సార్?

అతిథి: ముందు జబ్బు ఎక్కడుందో చూద్దాం. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్‌ఫిగ్ అని కొట్టు. డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు కనిపిస్తుంది, అది నీ రౌటర్ అడ్రస్. తర్వాత పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, టీ. ఒక రెండు నిమిషాలు ఆ అంకెలు చూసి, మళ్లీ మాకు ఫోన్ చెయ్యి.

యాంకర్: తప్పకుండా చెయ్యి బాబూ, ఎదురుచూస్తుంటాం. తర్వాతి కాల్. చెప్పండమ్మా.

కాలర్ 2: నమస్తే అండీ. మా అబ్బాయి నెల రోజులుగా ఎస్ఎస్‌డీ కావాలని పట్టుబట్టాడు. మిగతావాళ్లంతా ఆటలోకి వెళ్లిపోయాక గానీ వీడికి స్క్రీన్ రాదట. నిజంగా అవసరమా, లేక మారాం చేస్తున్నాడా?

అతిథి: మారాం కాదమ్మా, అబ్బాయి కరెక్ట్‌గానే చెప్తున్నాడు. హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి, నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. లాప్‌టాప్ డిస్కులైతే చాలావరకు 5,400 సార్లే. వాటి మీద సన్నటి చెయ్యిలాంటిది ఒకటి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. ఒక ముక్క కావాలంటే ఆ చెయ్యి సరైన వరుస దగ్గరికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ ముక్క దాని కిందికి రావాలి. ఈ రెండూ కలిపి 12, 13 మిల్లీసెకన్లు. వినడానికి చాలా తక్కువే. కానీ గేమ్ లోడయ్యేటప్పుడు చిన్న చిన్న ముక్కలు వేలల్లో కావాలి. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న ముక్కలైతే హార్డ్ డిస్క్ సెకనుకు వంద తీయడమే గగనం. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు, అదే సెకనులో వేలకు వేలు తీసి ఇస్తుంది.

కాలర్ 2: అంటే ఆట బాగా ఆడతాడా?

అతిథి: ఆటలోకి తొందరగా వెళ్తాడమ్మా. నిమిషం పట్టే లోడింగ్ చాలా గేముల్లో సగానికో, అంతకన్నా తక్కువకో వస్తుంది. కొన్ని గేములు అందరూ వచ్చేదాకా ఆగుతాయి, కొన్ని ఆగవు. ఆగని గేముల్లో మీవాడు మొదటి అర నిమిషం పోగొట్టుకుంటున్నాడు, అది తిరిగొస్తుంది. కంప్యూటర్ ఆన్ అవడం, మీ పనులు, అన్నీ చురుగ్గా అవుతాయి. హార్డ్ డిస్క్ ఉన్న పాత మిషన్‌కి ఒకే ఒక్క మార్పు చేయగలిగితే నేను ఎస్ఎస్‌డీయే వేయమంటాను.

కాలర్ 2: అందులో కూడా రకాలున్నాయట కదండీ, ఎన్‌వీఎంఈ అని అడుగుతున్నాడు.

అతిథి: అది మదర్‌బోర్డు మీదే నేరుగా గుచ్చే, ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ అమ్మా. మీ కంప్యూటర్లో దానికి స్లాట్ ఉందో లేదో ముందు చూపించండి. పాత హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలించే సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 మెగాబైట్ల దాకా ఇస్తుంది, ఎన్‌వీఎంఈ 3,500 పైన కూడా ఇస్తుంది. అంకెలు చూస్తే ఆరు రెట్లు, గేమ్ లోడింగులో మాత్రం తేడా చాలాసార్లు కొన్ని సెకన్లే. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా వచ్చే తేడాయే పెద్దది. స్లాట్ లేకపోతే సాటాదే వేయించండి, దిగులు పడక్కర్లేదు. ఒక్క మాట, డిస్క్ మార్చేముందు ఫొటోలు, కాగితాలు వేరేచోట కాపీ పెట్టుకోండమ్మా. ఇది మాత్రం మర్చిపోవద్దు.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత ఎవరండీ?

కాలర్ 3: సార్, నాది పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్, ఆన్‌లైన్‌లో నలుగురం కలిసి ఆడతాం. బండి మీద స్పీడుగా పోతుంటే ఉన్నట్టుండి స్క్రీన్ ఒక్క క్షణం ఆగుతుంది. ఎదురుగా బిల్డింగులు మొదట మైనపు ముద్దల్లా కనిపించి, తర్వాత కిటికీలు, బోర్డులు వస్తాయి. ఇదీ నెట్ సమస్యేనా?

అతిథి: కాదండీ, ఇది డిస్క్ గోలే. ఇలాంటి గేములు లోకం మొత్తాన్ని ర్యామ్‌లో పెట్టుకోలేవు. మీరు ముందుకు పోతున్నకొద్దీ రాబోయే వీధిని డిస్క్ నుంచి తెచ్చుకుంటాయి. స్క్రీన్ మీద సెకనుకు 60 ఫ్రేములు, అదే 60 బొమ్మలు, మారాలంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. హార్డ్ డిస్క్ ఒక్క ముక్క వెతకడానికే 12, 13 తింటుందని ఇందాక చెప్పాను కదా. అందుకే బొమ్మ అందక మైనపు ముద్ద కనిపిస్తుంది. కొన్నిసార్లు గేమే ఆగి చూస్తుంది.

కాలర్ 3: అయితే ఎస్ఎస్‌డీతో ఎఫ్‌పీఎస్, అదే సెకనుకు వచ్చే ఫ్రేములు, పెరుగుతుందన్నమాట.

అతిథి: అక్కడే పొరబడుతున్నారు. గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డు, లెక్కలు వేయాల్సింది ప్రాసెసర్. మీకు సగటున 50 వస్తుంటే ఎస్ఎస్‌డీ వేశాక కూడా 50 చుట్టుపక్కలే ఉంటుంది. మధ్యమధ్యలో పడే ఆ కుదుపులు పోతాయి. నన్నడిగితే ఆడేవాడికి సగటు కన్నా ఆ కుదుపే ఎక్కువ బాధ. మీ ర్యామ్ ఎంత?

కాలర్ 3: 8 జీబీ సార్.

అతిథి: బ్రౌజర్ తెరిచి పెట్టుకుని ఆడతారా?

కాలర్ 3: పాటలు వింటూ ఆడతాను. ఓ పది, పదిహేను ట్యాబులుంటాయి.

అతిథి: ముందు అవన్నీ మూసేసి ఒకరోజు ఆడి చూడండి. ర్యామ్ నిండితే విండోస్ మిగిలినదాన్ని డిస్క్ మీదికి తోస్తుంది. అప్పుడు కుదుపులు ఇంకా పెరుగుతాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కుదుపు వచ్చిన వెంటనే చూడండి. డిస్క్ 100 శాతం, మెమరీ 60 ఉంటే ఎస్ఎస్‌డీ కొనండి. మెమరీయే 95 దాటితే ముందు ర్యామ్. ఒకసారి నేను ఇది చూడకుండా ఒకాయనకి ఎస్ఎస్‌డీ వేసి పంపించాను. కుదుపులు తగ్గాయి గానీ పోలేదు. ర్యామ్ పెంచితే పోయాయి. పాపం ఆయన రెండుసార్లు తిరిగాడు. అప్పట్నుంచీ టాస్క్ మేనేజర్ చూడకుండా ఎవరికీ ఏదీ కొనమని చెప్పను.

యాంకర్: ఇంకో కాల్, కాస్త క్లుప్తంగా అడగండి.

కాలర్ 4: సార్, నాది ముందునుంచీ ఎస్ఎస్‌డీయే. అయినా ఒక గేమ్ లోడవడానికి చాలాసేపు పడుతుంది. డ్రైవ్ పాడైందా?

అతిథి: మిగతా గేములు త్వరగా లోడవుతుంటే డ్రైవ్ బాగానే ఉన్నట్టు. లోడింగ్ అంటే డిస్క్ చదవడం ఒక్కటే కాదు, చదివినదాన్ని ప్రాసెసర్ విప్పుకోవాలి. జీటీఏ ఆన్‌లైన్ సంగతే చూడండి. పీసీలో ఏళ్ల తరబడి నిమిషాలకు నిమిషాలు లోడయ్యేది. 2021లో ఒక ప్రోగ్రామర్ తవ్వి చూస్తే, సుమారు 10 మెగాబైట్ల టెక్స్ట్ ఫైల్‌ని గేమ్ చాలా వంకరగా చదువుతోందని తేలింది. ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీదే భారమంతా. తను చేసిన సవరణతో లోడింగ్ టైమ్ దాదాపు 70 శాతం తగ్గింది. తర్వాత ఆ గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ కూడా ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చింది. అలాంటి చోట ఎస్ఎస్‌డీ ఏం చేయగలదు? మీ డ్రైవ్ నిండిపోయిందేమో మాత్రం చూసుకోండి, కొంత ఖాళీ ఉంచాలి.

యాంకర్: సార్, మన మొదటి కాలర్ మళ్లీ లైన్లోకి వచ్చాడు.

కాలర్ 1: సార్, చూశాను. మీరు చెప్పినట్టే కొట్టాను. 3, 4 మిల్లీసెకన్లు వస్తూ వస్తూ ఒక్కసారిగా 180 అంటుంది. రెండుసార్లు రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని కూడా వచ్చింది.

అతిథి: టైమ్డ్ అవుట్ అంటే జవాబే రాలేదన్నమాట. అది సర్వర్ కాదు బాబూ, పక్క గదిలో ఉన్న నీ రౌటర్. అక్కడికి వెళ్లి రావడానికే 180 పడితే ఇక సర్వర్ దాకా ఏం చెప్పాలి? వైఫైలో ఆడుతున్నావు కదూ?

కాలర్ 1: అవును సార్. మధ్యలో రెండు గోడలున్నాయి.

అతిథి: సాయంత్రం ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకుంటారు, పక్కిళ్ల వైఫైలూ అప్పుడే జోరుగా ఉంటాయి. ఎస్ఎస్‌డీ డబ్బులు జేబులోనే ఉంచు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా లాన్ కేబుల్ వేసుకో. రౌటర్ నుంచి నీ టేబుల్ దాకా ఎంత దూరం?

కాలర్ 1: ఎనిమిది, తొమ్మిది మీటర్లు ఉంటుందేమో సార్. మూలన తిప్పాలి.

అతిథి: పదిహేను మీటర్లది తీసుకో, లాగి కట్టినట్టు కాకుండా గోడ వెంట వదులుగా రావాలి. వేశాక ఇదే పరీక్ష మళ్లీ చెయ్యి. అంకెలు రెండు దాటకుండా నిలబడ్డాయంటే, రాత్రికి ఆడి చూసి వచ్చే వారం మాకు చెప్పు.

కాలర్ 1: ఇప్పుడే అడుగులేసి కొలుస్తాను సార్.