సూర చేపకు చిల్లు ఎక్కడ పెట్టాలి?

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పడవ నుంచి దించిన సూర చేపను, అంటే ట్యూనాను, ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పూడిమడక వైపు మత్స్యకారులు నడిసంద్రంలో గాలం వేసి ఒక్కొక్కటిగా పట్టి తెచ్చే చేప అది. నిగనిగలాడే చర్మం, నలగని కండ ఉంటేనే మంచి ధర. అలాంటి చేపను హిస్టమిన్ అనే హానికర పదార్థం ఎంత ఉందో చూసే పరీక్ష కోసం కోస్తామంటే పడవ యజమాని ఒప్పుకోడు. ఆయన తప్పేమీ లేదు. గాటు పడిన చేపకు వేలంలో ఎవరు పూర్తి ధర ఇస్తారు?

అయినా పరీక్ష తప్పదు. సూర, కానాగంత, కవ్వలు వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక మొప్పల్లో, పేగుల్లో ఉండే బాక్టీరియా వేడికి పెరిగి దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. వాసన రాకముందే అది హాని చేసే స్థాయికి చేరవచ్చు. ఉడికించినా, వేయించినా, డబ్బాలో సీలు వేసినా పోదు. అది తిన్నవారికి కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, గుండెదడ మొదలవుతాయి. అలర్జీలాగే ఉంటుంది కాబట్టి చాలామంది తమకు చేప పడదనుకుంటారు.

ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం ఒక సరుకు నుంచి 9 నమూనాలు తీయాలి. హిస్టమిన్ సగటు కిలో చేపకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. 2 నమూనాల వరకు 100కూ 200కూ మధ్య ఉండవచ్చు. ఏ ఒక్కటీ 200 దాటకూడదు. కవ్వల గంపలోంచి 9 చేపలు తీస్తే లోటు తెలియదు. 9 పెద్ద సూరలను కోయాలంటే మాత్రం పడవ మీద పనిచేసినవారి కష్టం నీళ్లపాలే.

దారి సూర వ్యాపారంలోనే ఉంది. కొనేవాళ్లు బియ్యం బస్తాకు గొట్టం గుచ్చి గింజలు చూసినట్టే, చేపకు సన్నని బోలు గొట్టం గుచ్చి పెన్సిల్ మందాన కండ లాగుతారు. వేలి మీద పెట్టుకుని రంగు, కొవ్వు చూసి పక్కన పడేస్తారు. ఆ కండనే పరీక్షకు వాడుకోవచ్చు. త్వరగా ఫలితం చెప్పే కిట్లకు కొన్ని గ్రాములు చాలు.

అయితే చిల్లు ఎక్కడ అన్నది ముఖ్యం. తోక దగ్గర కోస్తే ధర పెద్దగా తగ్గదు కాబట్టి అందరి చూపూ అటే పోతుంది. కానీ హిస్టమిన్ చేపంతా ఒకేలా ఉండదు. సాధారణంగా మొప్పల వైపు, పొట్ట వైపు ఎక్కువగా, తోక వైపు తక్కువగా ఉంటుంది. తోక ముక్క బాగుందని సరుకంతటికీ భరోసా ఇవ్వడం నాకు సమ్మతం కాదు. మొప్పల వెనక, పక్క రెక్క దగ్గర, ఒకే వైపు గుచ్చాలి. రెండో వైపు కండ చెక్కుచెదరదు. ఒక చేపకు గుచ్చిన గొట్టాన్ని శుభ్రం చేయకుండా మరో చేపకు వాడకూడదు.

ఖర్చు తగ్గించాలని మూడు చేపల కండ కలిపి ఒకే పరీక్ష చేసేవాళ్లూ ఉన్నారు. తప్పు లేదు, కానీ లెక్క మారాలి. ఒక చేపలో 150 ఉండి, మిగతా రెండింట్లో ఏమీ లేకపోతే, కలిపిన నమూనాలో 50 మాత్రమే కనిపిస్తుంది. అందుకే పరిమితిని కూడా మూడో వంతుకు తగ్గించి చూడాలి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది, చేపకు గాటే పడనిది ఒకటుంది. మొప్పల సందులోంచి థర్మామీటరు ముల్లు వెన్ను దాకా దింపి లోపలి వేడి చూడటం. సూర మిగతా చేపల్లా కాదు, దాని ఒళ్లు సముద్రపు నీటికన్నా వేడిగా ఉంటుంది. గాలానికి పెనుగులాడితే ఇంకా వేడెక్కుతుంది. గాలి గానీ నీరు గానీ 28.3 డిగ్రీలు దాటే చోట, చేప చచ్చిన 6 గంటల్లోగా ఐసులో పెట్టాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంత వేడి ఉంటుంది. పేగులు, మొప్పలు తీసేసి పొట్టలో కూడా ఐసు నింపిన చేప త్వరగా చల్లబడుతుంది. రేవుకు వచ్చాక కూడా లోపల వెచ్చగా ఉన్న చేపనే ముందు పరీక్షకు ఎంచుకోవాలి.

ఇంట్లో చేప తిన్న గంటలోనో రెండు గంటల్లోనో ఒళ్లు ఎర్రబడితే, డాక్టరుకు ఏ చేప తిన్నారో తప్పక చెప్పండి. మిగిలిన ముక్కను పారేయకుండా, ఎవరూ తినకుండా, ఫ్రీజర్‌లో ఉంచండి. కారణం తేల్చడానికి ఆ ముక్కే పరీక్షకు పనికొస్తుంది.

నమస్కారం.