మషికో మట్టి, హమదా పనితనం

అందరికీ నమస్కారం.

కుండలు చేసేవాళ్లు సాధారణంగా మేలైన మట్టి ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. షోజీ హమదా మాత్రం ఏమంత మంచిది కాని మట్టి ఉన్న ఊరికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. జపాన్ కుమ్మరుల్లో ఆయనంటే నాకు అంత గౌరవం కలగడానికి కారణం ఇదే.

ఆయనకు శాస్త్రం తెలియక కాదు. 1894లో పుట్టిన హమదా టోక్యోలో సిరామిక్స్ చదివారు. క్యోటో పరిశోధనశాలలో తోటి కుమ్మరి కవాయి కంజిరోతో కలిసి వేలకొద్దీ గ్లేజ్‌లు, అంటే కుండల మీద గాజులా మెరిసే పూతలు, పరీక్షించారు. 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వెంట ఇంగ్లండ్ వెళ్లి, సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టడానికి సాయపడ్డారు. తిరిగొచ్చాక మషికో చేరుకున్నారు. టోక్యో వంటిళ్లకు నీళ్ల జాడీలు, టీ కూజాలు పంపే పల్లె అది.

మషికో మట్టి గరుకు, ఇసుక పాలు ఎక్కువ. సన్నటి అంచులు, నాజూకు పని దానికి నప్పవు. అందుకే హమదా గోడలు మందంగా, అడుగు దిట్టంగా ఉండే ఆకారాలు ఎంచుకున్నారు. గ్లేజ్ కూడా దగ్గర్లో దొరికినదే. అక్కడి రాయి పొడి ఎరుపు కలిసిన గోధుమ రంగు ఇస్తుంది, వరి ఊక బూడిదతో తెల్లటి పూత వస్తుంది. సారెను కర్రతో తిప్పేవారు. అది నెమ్మదిస్తూ ఉంటే పాత్రలో చిన్న వంపులు మిగిలేవి, వాటిని సరిచేసేవారు కాదు. నాకు ఆ పాత్రల్లో అన్నిటికన్నా నచ్చేవి ఆ వంపులే.

దక్షిణ జపాన్ దీవి ఒకినావాలో కుమ్మరులుండే త్సుబోయాకు పదేపదే వెళ్లి పనిచేశారు. అక్కడి చెరకు గడ బొమ్మను కొద్దిపాటి కుంచె గీతల్లో దశాబ్దాల పాటు వేశారు. కొరియా పాత కుండల నుంచీ నేర్చుకున్నారు. పెద్ద పళ్లెం మీద గరిటెతో గ్లేజ్ పోయడానికి ఆయనకు పదిహేను సెకన్లు చాలు. ఇంత తొందరగానా అని అడిగితే, ఆ పదిహేను సెకన్లకు అరవై ఏళ్లు కలుపుకోమన్నారట. వయసు మీద పడ్డాక చెప్పిన మాట, ఎంత నిజం!

ఇంగ్లండ్ నుంచి వచ్చాక పాత్రల మీద సంతకం మానేశారు. ఆలోచనాపరుడు యనాగి సోయెత్సు, కవాయిలతో కలిసి జానపద చేతిపనుల ఉద్యమం నడిపారు, ఆ కృషితోనే 1936లో టోక్యోలో మ్యూజియం వెలిసింది. 1955లో ప్రభుత్వం ఆయన్ని ‘సజీవ జాతీయ సంపద’ అనే బిరుదుతో గుర్తించింది. తనకు స్ఫూర్తినిచ్చిన దేశదేశాల వస్తువులను మషికోలోని తన ఆవరణలోనే ప్రదర్శనకు పెట్టారు. 2011 భూకంపంలో దెబ్బతిన్న ఆయన మెట్ల బట్టీని, అంటే వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన బట్టీని, ఊరివాళ్లు బాగుచేసి 2015లో మళ్లీ వెలిగించారు.