కాళ్లు పట్టేశాయా? తైలం సీసా మూత తీసే ముందు ఇది చూడండి

[దృశ్యం: అపార్ట్‌మెంట్ మెట్లు. ఒక చేయి గోడను ఆనుకుని ఉంది. పాదం కింది మెట్టు మీద మెల్లగా మోపుతోంది.]

నిన్న జిమ్‌లో చేరారు. తొలిరోజు ఉత్సాహం ఆగక గుంజీలు లెక్కకు మించి తీశారు. రాత్రి ఏమీ తెలియలేదు. పొద్దున్నే మంచం దిగబోతే తొడలు కర్రల్లా బిగుసుకుపోయాయి. మెట్లు ఎలాగో ఎక్కగలుగుతున్నారు, దిగడమే మీ వల్ల కావడం లేదు. ఇంట్లో అమ్మమ్మ అల్మరాలోంచి చిన్న సీసా తీసి, "నీలగిరి తైలం రాసుకో నాన్నా, తగ్గిపోతుంది" అంటుంది.

తగ్గుతుందా? కొంత తగ్గుతుంది. ఏది తగ్గుతుందో, ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఆ సీసాలోంచి ఎన్ని చుక్కలు తీయాలో కూడా తెలుస్తుంది.

ముందు నొప్పి సంగతి. కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోపే ఆ ఆమ్లం మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీ నొప్పి మొదలయ్యేదే మర్నాడు. అలవాటు లేని పని చేసినప్పుడు, ముఖ్యంగా కండ సాగుతూ బరువు మోసినప్పుడు, దాని పోగుల్లో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. గుంజీలో కిందికి దిగేటప్పుడు తొడ చేసే పని అదే. అలిపిరి మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. ఆ మెట్లే నడిచి దిగితే మర్నాడు తొడలు పట్టేస్తాయి. శరీరం ఆ చిరుగులను బాగుచేసుకునే క్రమంలో నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, ఆ తర్వాత కొద్దిరోజుల్లో దానంతటదే పోతుంది.

[దగ్గరి దృశ్యం: చిన్న గాజు సీసా. అందులో మూడు రకాల పలుకులు వేస్తున్న చేయి.]

ఇప్పుడు ఈ సీసాను చూడండి. పుదీనా పువ్వు, వాము పువ్వు, ముద్దకర్పూరం సమపాళ్లలో వేశాను. మూడూ గట్టి పలుకులే. పుదీనా పువ్వు కరగాలంటే సుమారు 42 డిగ్రీల వేడి కావాలి, వాము పువ్వుకు 50, కర్పూరానికైతే 175 దాకా కావాలి. నేను పొయ్యి వెలిగించలేదు, చుక్క నీరు కలపలేదు. మూత పెట్టి కాసేపు ఆడిస్తే చాలు, పలుకుల అంచులు తడిసి, జారి, మొత్తం పల్చని ద్రవంగా మారిపోతుంది. కలిసినప్పుడు వాటి ద్రవీభవన స్థానం గది వేడికన్నా కిందికి పడిపోవడమే కారణం. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న అమృతధార ఇదే. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

దీన్ని నూనెలో కలిపి రాస్తే చల్లగా అనిపిస్తుంది. థర్మామీటరు పెట్టి చూస్తే చర్మం నిజంగా అంత చల్లబడదు. చలిని పసిగట్టడానికి చర్మంలోని నాడుల చివర ఒక ప్రోటీను ఉంటుంది. పుదీనా పువ్వు, అంటే మెంథాల్, ఆ ప్రోటీనునే తట్టి లేపుతుంది, మెదడు చలి తగిలిందనుకుంటుంది. చలి కబురు ముందు నొప్పి కబురు వెనకబడుతుంది. వేడిని, చలిని, స్పర్శను పసిగట్టే ఇలాంటి గ్రాహకాలను కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో వైద్య నోబెల్ వచ్చింది.

అంటే తైలం మాట్లాడేది నాడులతో. కండలో పడిన చిరుగును అది అతికించదు. ఆ పని శరీరం తన సమయం తీసుకుని చేసుకోవాల్సిందే. మరి మర్దన? దానివల్ల ఈ నొప్పి కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. రాసుకున్నాక వచ్చే సుఖంలో సీసాకు ఎంత వాటా ఉందో, మర్దన చేసిన చేతికీ అంత వాటా ఉంది. చాలా ఇళ్లలో ఆ చేతికి రావలసిన పేరంతా సీసాకే పోతోంది.

[దృశ్యం: పెద్ద చెంచాలో నువ్వుల నూనె. అందులో ఒక్కో చుక్కా పడుతోంది.]

కొలత చెబుతాను. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నువ్వుల నూనె లేదా కొబ్బరి నూనెకు ఆరు చుక్కల తైలం. సుమారు రెండు శాతం అన్నమాట. నీలగిరి, లావెండర్, అమృతధార, వీటికి ఇదే లెక్క. నూనెలో కలపకుండా నేరుగా చర్మం మీద పోసుకోకండి, ఒళ్లు మండి బొబ్బలెక్కవచ్చు. ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూసుకోండి. దురద, ఎరుపు లేకపోతే తొడకు, పిక్కకు రాసి, కింది నుంచి పైకి, గుండె వైపుగా పది నిమిషాలు మెల్లగా మర్దన చేయండి. నొప్పి ఉందని గట్టిగా పిసికితే చిరిగిన పోగులు ఇంకా నలుగుతాయి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, లేకపోతే కళ్లు మండిపోతాయి.

రాసిన చోట వేడినీళ్ల సంచి, కరెంటు కాపడం పెట్టకండి, కట్టు బిగించకండి. చర్మం కాలిన ఘటనలు ఉన్నాయి. కొందరు కొబ్బరి నూనెలో కర్పూరం వేసి పొయ్యి మీదే కాస్తారు. కర్పూరానికి ఇట్టే మంట అంటుకుంటుంది. నూనె వేడిచేసి, దించి, పొయ్యి ఆర్పి, ఆ తర్వాతే కర్పూరం వేయండి. హారతి కర్పూరం బిళ్లలు ఇందుకు పనికిరావు.

ఇక నన్ను నిజంగా భయపెట్టే సీసా ఒకటుంది.

[దగ్గరి దృశ్యం: ఒక టీ చెంచా. పక్కన వరుసగా పేర్చిన తెల్ల మాత్రలు.]

వింటర్‌గ్రీన్ నూనె. ఆయుర్వేద మందుల మీద గంధపుర తైలం అని ఉంటుంది. ఘాటైన తియ్యని వాసన. ఇందులో ఉండేది దాదాపు పూర్తిగా మిథైల్ సాలిసిలేటే, నొప్పి బామ్‌లు చాలావాటిలో ఉండే పదార్థం. ఇది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఈ నూనె ఒక్క టీ చెంచాడు 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినదానితో సమానం. పిల్లలు వాసన చూసి నోట్లో పోసుకుంటే ప్రాణాలకే ముప్పు. నీలగిరి తైలం, కర్పూరం మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఈ సీసాలన్నీ తాళం వేసే చోట ఉండాలి. రక్తం పల్చబడే వార్ఫరిన్ మందు వాడుతున్నవారు, ఆస్పిరిన్ పడనివారు వింటర్‌గ్రీన్ ఉన్న బామ్‌ల జోలికి వెళ్లకూడదు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఏ తైలమైనా డాక్టరును అడిగాకే వాడాలి.

నొప్పి వారం దాటినా తగ్గకపోతే, ఒక కాలు మాత్రమే వాచి వేడిగా ఉంటే ఇది మామూలు ఒళ్లునొప్పి కాదు. విపరీతమైన వ్యాయామం తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వస్తే, చితికిన కండల్లోని పదార్థం మూత్రపిండాలకు చేరుతోందని అర్థం. మర్దన ఆపేసి, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.