సకినాలకు చోటివ్వండి

(సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లోని ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న సంఘం పెద్దలకు, ముందు వరుసల్లో కూచున్న అమ్మలకు, అక్కలకు, కుర్చీలు దొరక్క వెనక నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే ఇచ్చిన అరగంటా దానికే సరిపోతుంది. అందరూ అందుకున్నట్టే అనుకోండి.

"హైదరాబాద్ హోటళ్లు, పండుగ రుచులు" అని అంశం ఇచ్చారు. మంచి అంశం. ఈ ఊళ్లో పండుగను బట్టి గడప మారుతుంది. మొహర్రం వచ్చిందంటే నాంపల్లి సుభాన్ బేకరీ ముందు దమ్ కా రోట్ కోసం జనం. రవ్వ, నెయ్యి, చక్కెర, బాదం, జీడిపప్పు కలిపి కాల్చిన బిళ్ల అది. విరిస్తే ఇసుకలా పొడిపొడిగా రాలాలి, సాగకూడదు. రంజాన్‌కు, బక్రీద్‌కు పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్. 1851 నుంచి ఉన్న దుకాణం, నాలుగు మూలల నాన్. దాన్ని పొద్దున తెచ్చి రాత్రికి తింటామంటే కుదరదు, తోలులా సాగుతుంది. తందూరులోంచి తీసిన గంటలోపు నహారీలో, అంటే మాంసం పులుసులో, ముంచాల్సిందే. దీపావళికి పుల్లారెడ్డి నేతి మిఠాయి. క్రిస్మస్‌కు సికింద్రాబాద్ బేకరీల ప్లమ్ కేకు. బయటి దేశంలో ఉన్న పిల్లలకు పంపాలంటే ఏ కాలంలోనైనా 1953 నాటి కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్. మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్తే హమీదీ వాళ్ల జౌజీ హల్వా. మొలకెత్తిన గోధుమల సారాన్ని పాలతో, నెయ్యితో గంటలకొద్దీ కాచి తీసే ఆ హల్వాను చెంచాడు తిని ఆపాలి, ఎక్కువైతే వెగటు కొడుతుంది.

ఇవన్నీ మీకు తెలిసినవే. హలీం దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. తరవాత చెప్పబోయేదానికి అది దారి.

హలీంకు పెద్దన్న హరీస్. అరబ్బుల వంట. బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ మూలాల చావుష్ కుటుంబాలు ఇప్పటికీ వండుతున్నాయి, ఉప్పుది ఒకటి, తీపిది ఒకటి. గోధుమ, మాంసం, నెయ్యి, అంతే. దానికి మన మసాలా, వేయించిన ఉల్లిగడ్డ, పుదీన, నిమ్మకాయ తోడై హైదరాబాదీ హలీం అయింది. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోసం రాసుకున్న లెక్క చూడండి: పది పాళ్లు మేక మాంసానికి నాలుగు పాళ్లు గోధుమ. ఇటుకల భట్టీ, కట్టెల మంట, దాదాపు పన్నెండు గంటల వంట.

ఆ పన్నెండు గంటలు ఎందుకు? గోధుమ రాత్రంతా నానాలి. నానిన గోధుమ ఉడికి, పగిలి, జిగురు వదలాలి. మాంసం ఎముకను విడిచి దారాలు దారాలుగా విడిపోవాలి. అప్పుడు ఇద్దరు మనుషులు దేగ్‌కు, అంటే పెద్ద వంటపాత్రకు, అటొకరు ఇటొకరు నిలబడి గోట్నీలతో, అంటే కట్టె రోకళ్లతో, గంటలకొద్దీ దంచుతారు. దంచితే దారం నలుగుతుంది గానీ తెగదు. మిక్సీలో వేస్తే తెగుతుంది. తేడా అక్కడే. చెంచాతో పైకెత్తి చూడండి. దారాలు సాగుతూ వస్తే దంచినది. చట్నీలా జారితే రుబ్బినది. ఇంకొకటి, గిన్నెలో పది నిమిషాలు వదిలేయండి. చల్లారాక అంగిలికి తెల్లటి పొర అంటుకుంటే అది నెయ్యి కాదు, డాల్డా. ఇక అడుగు అంటిందా, ఆ మాడు వాసన దేగ్ మొత్తం పాకుతుంది, ఎంత మసాలా వేసినా పోదు. అందుకే కలిపేవాడు చెయ్యి ఆపడు.

పిస్తా హౌస్, షా గౌస్, సర్వీ, మదీనా దగ్గర షాదాబ్, మీకు నచ్చిన చోటుకు వెళ్లండి. నేను ఏది గొప్పదో తేల్చడానికి రాలేదు. మీరు చూడాల్సింది ఒకటే: రంజాన్ నెలలో ఈ ఊళ్లో హోటలు ముందు భట్టీ కట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఫుట్‌పాత్ పక్కన ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, దేగ్ దింపి, నెల రోజులు వండుకుంటారు. జనం పక్కకు తప్పుకొని నడుస్తారు, ఎవరూ కాదనరు. చోటు దొరికింది కాబట్టి వంట బతికింది. పన్నెండు గంటల పని ఇంత పెద్ద ఊళ్లో చెడకుండా నిలబడింది.

మరి మన సంక్రాంతి పిండివంట సకినానికి ఆ చోటేది?

అమ్మా, అక్కా, ఇప్పుడు అడుగుతున్నాను, చేతులెత్తండి. ఈ వారం ఇంట్లో బియ్యం నానబోసినవాళ్లు ఎంతమంది? ...ఏడుగురు. మూడు వందల ఇళ్ల కాలనీలో ఏడుగురు. మిగతావాళ్లను తప్పు పట్టడం లేదు. సకినం చేయాలంటే ఏం కావాలో వరసగా చెప్తాను, మీ వంటింట్లో అందులో ఏది కుదురుతుందో మీరే చెప్పండి.

కిలో బియ్యం తీసుకుందాం. కొత్త బియ్యమైతే జిగురు బాగుంటుంది, చుట్ట తెగదు. కడిగి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున నీళ్లు వంచి, బట్ట మీద పరిచి, చెమ్మ ఉండగానే గిర్నీకి, అంటే పిండిమరకు, పంపాలి. ఎండనివ్వకూడదు. అసలు కీలకం ఇదే. నానిన గింజ మెత్తగా ఉంటుంది, మెత్తగా విడుస్తుంది, పిండి నీటిని సమంగా పట్టుకుంటుంది. ఎండు బియ్యం గిర్నీలో వేడెక్కి పగులుతుంది. ఆ పిండి దాహంగా నీళ్లు తాగుతుంది, తాగి బంకవుతుంది, నూనెలో పడ్డాక రాయవుతుంది. కొన్ని దుకాణాల్లో సకినం గాజుముక్కలా చిగుళ్లకు గుచ్చుకోవడానికి కారణం పొడి పిండి. ఆ గట్టిదనం పోవడానికి వంటసోడా వేస్తారు. సోడా పడితే నూనె పీలుస్తుంది. ఒక తప్పు సర్దడానికి ఇంకో తప్పు.

పట్టించిన పిండిని గుప్పిట్లో నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అది సరైన చెమ్మ. జల్లించి, గిన్నెలో అదిమి, తడిబట్ట కప్పాలి. గాలి తగిలితే పైన ఎండుతుంది. ఆ పూటే వాడెయ్యాలి. రేపటికి ఉంచితే పులుస్తుంది, పులిసిన పిండి సకినం వేయగానే ఎర్రబడుతుంది.

కిలోకు పావుకిలో లోపు నువ్వులు, రెండు పెద్ద చెంచాల వాము నలిపి, తగినంత ఉప్పు. నువ్వులు కడిగి ఆరబెట్టినవై ఉండాలి, ఇసుక ఉంటే పంటికింద పడి పండగంతా గుర్తుంటుంది. నీళ్లు గుప్పెడు గుప్పెడు చల్లుతూ కలపాలి. పిండిలో చెమ్మ ముందే ఉంది కాబట్టి ఒక్కసారి పోస్తే పాడవుతుంది. చపాతీ పిండికన్నా మెత్తగా ఉండాలి, బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య మెలి తిరుగుతూ తెగకుండా జారాలి. తెగుతోందంటే నీళ్లు చాలలేదు. చుట్టగానే చదునై పక్క వరసకు అంటుకుంటోందంటే ఎక్కువైంది, కొంచెం తడి పిండే చల్లి కలుపుకోవాలి.

ఇప్పుడు చోటు సంగతికి వస్తున్నాను. నేల మీద ఉతికిన నూలు ధోవతి పరవాలి, రెండు పొరలు. మధ్యలో పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆమె చుట్టూ మొదటి సకినం చుట్టాలి. తరవాత మన సకినాలు, మూడు చుట్లో నాలుగు చుట్లో. పెళ్లి సారెకైతే ఇంకా పెద్దవి. ధోవతి ఎందుకంటే, సకినంలో మిగిలిన నీటిని కిందినుంచి బట్ట పీల్చుకుంటుంది. అరగంట నుంచి గంటలోపు సకినం ఆకారం పట్టుకుంటుంది, చేటనో పళ్లేన్నో కింద దూర్చి ఎత్తితే విరగకుండా వస్తుంది.

ఫ్లాట్లలో ఏం చేస్తున్నారు? గచ్చు మీద ప్లాస్టిక్ షీటు. నీరు ఎటూ పోదు, సకినం అంటుకుంటుంది, ఎత్తగానే ముక్కలు. లేదా న్యూస్ పేపరు. అక్షరాల సిరా సకినానికి దిగుతుంది, అది తినేది కాదు. తొందరగా ఆరాలని ఫ్యాను వేస్తారు. పైన ఎండి పగుళ్లు, కింద పచ్చి, నూనెలో వేయగానే వరసలు విడిపోతాయి. అప్పుడు "మాకు చేతకాదు" అని మానేస్తారు. చేతకాక కాదు తల్లీ! పది అడుగుల వంటింట్లో రెండు ధోవతులు పరిచే నేల లేదు, అంతే.

వేయించడం కూడా చెప్పాలి. పల్లి నూనె. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. తక్కువ కాగితే సకినం నూనె తాగుతుంది, ఎక్కువ కాగితే పైన రంగు వచ్చి లోపల మెత్తగా మిగులుతుంది, మర్నాటికి సాగుతుంది. మూకుడు పరిమాణాన్ని బట్టి నాలుగో ఐదో వేసి, మధ్యస్థం మంట మీద, చిటపట తగ్గేదాకా ఆగాలి. వేసిన వెంటనే గరిటె పెట్టకూడదు, విరుగుతుంది. ఒక్కసారే తిప్పాలి. సకినం తెల్లగా ఉండాలి, అంచుల్లో మాత్రం సన్నటి బంగారు రంగు. ఎర్రగా కాలినదాన్ని కరకరలాడుతోందని మెచ్చుకుంటుంటారు, కానీ ఆ ఎరుపులో నువ్వుల వాసన మాడిపోయి ఉంటుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వెచ్చగా మూత పెడితే ఆవిరి పట్టి రెండు రోజుల్లో మెత్తబడతాయి.

గిర్నీ విషయం ఇందాకే చెప్పాల్సింది, దాటేశాను. తడి బియ్యం మేం పట్టం అని చాలా గిర్నీలవాళ్లు అంటున్నారు. వాళ్ల బాధా నిజమే. చెమ్మ పిండి రాళ్లకు అంటుకుంటుంది, జాలీలో ఇరుకుతుంది, తరవాత గోధుమలు పట్టాలంటే మొత్తం విప్పి శుభ్రం చేయాలి. ఇద్దరు కిలో కిలో తెస్తే ఆ శ్రమ గిట్టదు. ఇరవై ఇళ్ల బియ్యం ఒకే పొద్దున వస్తే గిడుతుంది. మిషను ఒక్కసారే తడిపిండికి పెడతాడు, సాయంత్రం ఒక్కసారే కడుగుతాడు. అందుకే విడివిడిగా అడిగితే కాదన్నవాళ్లే కలిసి అడిగితే ఒప్పుకుంటారు.

అధ్యక్షులవారూ, హోటళ్ల గురించి ఇంకా చెప్పమని చీటీ పంపారు. ఇరానీ చాయ్ గురించి, మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం గురించి చెప్పాలని రాసుకునే వచ్చాను. కానీ ఆ దుకాణాలు రేపూ ఉంటాయి. సంక్రాంతి వారంలో ఉంది. ఒక్క మాట మాత్రం హలీం గురించే చెప్పి ఇటు వస్తాను. రంజాన్ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. ఆ లెక్కన 2030లో జనవరి మొదటి వారంలోనే ఉపవాసాలు మొదలవుతాయి. అంటే ఆ ఏడు భోగి మంటా, హలీం భట్టీ ఒకే వారంలో వెలుగుతాయి. ఆ రోజు పక్క గల్లీ దోస్తు ఇంటినుంచి హలీం గిన్నె వస్తే, ఖాళీ గిన్నె తిరిగి పంపుతామా? అందులో మన చేతి సకినాలు ఉండాలా, పాకెట్‌లో కొన్నవి ఉండాలా?

సంఘాన్ని నేను అడిగేది ఇది. ఈ కమ్యూనిటీ హాలు పుట్టినరోజులకు ఇస్తున్నారు, మీటింగులకు ఇస్తున్నారు. భోగికి ముందు శని, ఆదివారాలు సకినాలకు ఇవ్వండి. అద్దె వద్దనండి. ఇంత నేల, పైగా నాలుగు కిటికీలు, ఫ్యాను అక్కర్లేకుండా మెల్లగా గాలి ఆడుతుంది. వెనక వరండాలో పెద్ద పొయ్యిలు రెండు పెడితే వేయించేవాళ్లకు పొగ ఉండదు, పిల్లలు నూనె దగ్గరకు రాకుండా తాడు కట్టొచ్చు. చుట్టడం రాని కోడళ్లు, మగపిల్లలు, అందరూ వచ్చి కూచోండి. మొదటి పది సకినాలు వంకరగానే వస్తాయి, వేలికి మెలి అలవాటయ్యేదాకా అంతే. చూసి నేర్చుకునేది కాదు, పక్కన కూచుని చుట్టితే వచ్చేది. పెద్దమ్మలు మన కాలనీలోనే ఉన్నారు, ఇందాక చేతులెత్తిన ఏడుగురూ వాళ్లే. వాళ్ల మోకాళ్లు కింద కూచోనివ్వవు, వాళ్లకు బల్లలు వేద్దాం, బల్ల మీద ధోవతి పరుద్దాం.

ఒప్పుకున్నట్టేనా? ...చప్పట్లు సరే, అధ్యక్షులవారు తల ఊపారు, అది చాలు.

ఇక పని. పేర్లు బయట బల్ల దగ్గర రాయండి, ఇంటికి ఎన్ని కిలోలో కూడా. శుక్రవారం రాత్రి ఎనిమిదికల్లా ఎవరింట్లో వాళ్లు బియ్యం నానబోయండి. శనివారం పొద్దున ఆరింటికి నీళ్లు వంచండి. ఏడింటికి ఆటో వస్తుంది, బియ్యం మూట మీద ఇంటి నంబరు రాసి ఇవ్వండి. గిర్నీ నుంచి తొమ్మిదింటికల్లా పిండి వచ్చేస్తుంది. జల్లెడ, ఉప్పు, వాము మీవి. నువ్వులు అందరికీ కలిపి తెప్పిద్దాం, కానీ కడిగి ఆరబోయడానికి ఎండ కావాలి, గురువారమే మేడ మీద ఇద్దరు రావాలి. జంబుఖానాలు హాల్లో ఉన్నాయి. ధోవతులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి, గంజి పెట్టనివి. గంజి ఉంటే నీరు పీల్చదు.

నమస్కారం.