కొత్త కేటలాగు, ఆల్కో డీజిల్ ఇంజిను: కోనసీమ వసారాలో మోడల్ రైళ్ల రివ్యూ

అందరికీ నమస్కారం అండి. ముందే చెప్పేస్తాను, ఈ టేబుల్ మీద ఉన్న ఇంజిను నేను కొన్నది కాదు. మోడల్ రైళ్లు అమ్మే ఒక షాపు వాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు, దాంతోపాటు ఈ ఏడాది కొత్త విడుదలల కేటలాగు కూడా పెట్టారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. పేరు, ధర, స్పెక్స్ అన్నీ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. మీలో చాలామంది ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి అవి మళ్ళీ చదవను.

ముందు ఇది చూడండి. పాత పేపర్లోంచి చింపిన ముక్క, పొడవు 25 సెంటీమీటర్లు. దీన్ని పట్టాల మీద పొడుగ్గా పరిచాను. ఈ మోడల్ మన రైల్వే పాత ఆల్కో డీజిల్ ఇంజిను డబ్ల్యూడీఎం-2ది. దాని అసలు పొడవు 17.12 మీటర్లు, హెచ్‌ఓ స్కేలు అంటే 87వ వంతు కాబట్టి ఈ ఇంజిను ఇరవై సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అంటే ఇది పేపరు మీదికి ఎక్కాక కాసేపు పన్నెండు చక్రాల్లో ఒక్కటి కూడా పట్టాను తాకదు, పట్టాల్లోంచి కరెంటు అందదు. ఇప్పుడు నెమ్మదిగా వదులుతున్నాను... చూశారా? ఆగలేదు, శబ్దం తెగలేదు, లైటు కూడా ఆరలేదు. మళ్ళీ చూపిస్తాను, ఎందుకంటే ఇది చూసినప్పుడు నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను.

దీనికోసం ఇంత సంబరం ఎందుకంటే, మాది అమలాపురం పక్కన. ఇక్కడ తొలకరి పడిన దగ్గర్నుంచి కార్తీకం దాకా గోడలు చెమ్మ ఓడుతూనే ఉంటాయి, వంటింట్లో డబ్బాలో ఉప్పు నీరవుతుంది, బీరువాలో బట్టలకు బూజు పడుతుంది. మోడల్ రైలుకు కరెంటు వచ్చేది పట్టాల్లోంచే. డిజిటల్ పద్ధతిలో అయితే కరెంటూ, ఎంత వేగంగా పోవాలన్న ఆదేశమూ రెండూ ఆ పట్టాల్లోంచే చక్రాల ద్వారా లోపలి డీకోడర్‌కు, అంటే ఆ ఆదేశాలు అందుకుని బండిని నడిపే చిన్న సర్క్యూట్‌కు, అందాలి. ఆ పట్టాలను నికెల్ సిల్వర్ అంటారు, పేరులో సిల్వర్ ఉందే గానీ వెండి రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. ఇనుములా తుప్పు పట్టదు, కానీ వానాకాలంలో ఒక వారం నడపకపోతే పైన సన్నటి నల్ల పొర కడుతుంది. చక్రం ఆ పొర మీదికి రాగానే క్షణంలో ఎన్నో వంతు కరెంటు తెగుతుంది, డీకోడర్ ఆగిపోతుంది, మళ్ళీ అందగానే మొదటి నుంచి మొదలుపెడుతుంది. నా పాత సౌండ్ ఇంజిను అలాగే చేసేది. బండి వంపులో ఉంటుంది, టక్కున ఆగుతుంది, ఆపైన తాపీగా స్టార్టర్ శబ్దం, ఇంజిను అందుకునే శబ్దం, మళ్ళీ అంతా. ఒక్క చుట్టులో మూడుసార్లు స్టార్టయిన రోజులున్నాయి. నాకు నిజంగా ఏడుపొచ్చేది.

అంతకు ముందు సంగతి ఇంకా అన్యాయం. మా బావ కువైట్ నుంచి వస్తూ ఒక స్టార్టర్ సెట్టు తెచ్చాడు. నా మొదటి మోడల్ రైలు అదే. పట్టాలు ఉక్కువి. ఆ ఏడాది ఆగస్టులో పెట్టె తెరిస్తే పట్టాల మీద ఎర్రటి తుప్పు, వేలితో రాస్తే వేలికంటుకుంది. గరుకు కాగితంతో రుద్దాను. అది ఇంకా పెద్ద తప్పు, గీతలు పడ్డచోట మురికి మరింత గట్టిగా పట్టింది. ఇప్పుడు మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నాన్న పాత పంచె ముక్క, అంతే వాడతాను. వారానికోసారి తుడిస్తే ఆ గుడ్డ మీద రెండు నల్ల చారలు పక్కపక్కనే పడతాయి, మధ్యలో సరిగ్గా 16.5 మిల్లీమీటర్ల ఎడం.

ఈ కొత్త ఇంజిన్లో డీకోడర్‌కు పక్కనే ఒక కపాసిటర్ పెట్టారు. కరెంటు తెగినప్పుడు కాసేపు తన దగ్గర దాచుకున్నది ఇచ్చి బండిని నడిపిస్తుంది. ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు, బయటి దేశాల ఇంజిన్లలో ఎప్పటి నుంచో ఉంది, కానీ మన ఇండియన్ మోడల్‌లో షాపు నుంచి వచ్చినప్పుడే పెట్టి ఉండటం నేను మొదటిసారి చూస్తున్నాను. స్పెక్స్‌లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేనైతే డబ్బా మీద పెద్దక్షరాలతో వేసేవాణ్ణి. సముద్రానికి దగ్గర్లో, కాలువ గట్ల మీద ఉండే మనలాంటి వాళ్ళకు ఇంజిను రంగు కన్నా, బోల్టులు లెక్కపెట్టడం కన్నా ఇదే ముఖ్యం.

సరే, ఇప్పుడు శబ్దం. మా అమ్మమ్మ గారిది పాలకొల్లు. చించినాడ వంతెన కట్టకముందు రేవు దాటి వెళ్ళేవాళ్ళం. మా ఊళ్లో రైలు లేదు కదండీ, అందుకని నాకు సెలవులంటేనే రైలు. రాత్రి పూట నరసాపురం వైపు నుంచి డీజిలు బండి వస్తుంటే అది స్టేషన్‌కు ఇంకా చాలా దూరంలో ఉండగానే తెలిసిపోయేది. ఆల్కో ఇంజిను ఆగి ఉన్నప్పుడు ఒకే తాళంలో కొట్టదు, దడ... దడదడ... దడ, అలా తప్పిపోతున్నట్టే ఉంటుంది గానీ తప్పదు. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైను అది, 1962లో అక్కడి నుంచి మొదటివి దిగాయి, 1964 నుంచి మన వారణాసిలో తయారుచేశారు. డ్రైవరు నాచ్, అంటే ఇంజిను పవరు మెట్టు, పెంచగానే ముందు నల్లటి పొగ గుప్పున లేస్తుంది, ఎందుకంటే డీజిలు వెంటనే పడుతుంది గానీ టర్బో తిరిగి గాలి అందించడానికి కొంచెం టైము పడుతుంది, ఆ తర్వాతే సన్నటి ఈల. అమ్మమ్మ అరుగు మీద పడుకుని ఆ ఈల ఎంతసేపు వినపడుతుందో చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ లైన్లో కరెంటు తీగలొచ్చేశాయి.

ఈ మోడల్లో ఆ వరసంతా ఉంది. నాచ్ పెంచితే ముందు దడదడ బరువెక్కుతుంది, అర సెకను తర్వాత ఈల మొదలవుతుంది. ఆ అర సెకను పట్టించుకున్నారు చూడండి, అక్కడ నేను పడిపోయాను. నాన్నకు వినిపించాను. డెబ్భై దాటిన మనిషి, చెవి కాస్త మందం, దగ్గరకొచ్చి వంగి విని, "పాలకొల్లు బండిరా" అన్నారు. హారను మాత్రం మనది కాదు, అమెరికా గూడ్సు బండిలాగా నాలుగైదు శ్రుతులు కలిపి మోగుతోంది. మన హారను తెలిసినవాడెవడూ దాన్ని ఒప్పుకోడు. డీకోడర్లో మార్చుకోవచ్చు, నేను మారుస్తాను, కానీ ఇంత చేసినవాళ్ళు అది కూడా చేసుండాల్సింది.

ఇంకొక్క లోపం, ఇది ఒక్క కంపెనీ తప్పు కాదు. ఎదురుగా కెమెరా పెడుతున్నాను, చక్రాలు చూడండి. బాడీకి బాగా లోపలికి నొక్కేసినట్టున్నాయి కదా. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.26 రావాలి. కానీ హెచ్‌ఓ పట్టా 16.5, అది యూరప్, అమెరికాల 1435 గేజ్‌కు సరిపోయే కొలత. ఇక్కడ మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ తేడా, అసలు బండి మీద అయితే జానెడు. బ్రిటిష్ వాళ్ళకూ ఈ గొడవ ఉంది, వాళ్ళ ఓఓ స్కేలు 76వ వంతు, కానీ నడిచేది ఇదే 16.5 పట్టా మీద. అందుకే అక్కడ పట్టుదల ఉన్నవాళ్ళు 18.83 మిల్లీమీటర్ల పట్టా సొంతంగా వేసుకుంటారు. మనకు 19.26 పట్టా ఎవరైనా చేస్తే నేను మొదటి రోజే కొంటాను. అప్పటిదాకా పక్క నుంచి చూడాల్సిందే, పక్క నుంచి మాత్రం అచ్చు గుద్దినట్టుంది.

ఇక కేటలాగు. దీని మీద నాకు కోపం ఉంది. కాగితం బాగుంది, అచ్చు బాగుంది, కానీ బోగీల పేజీలు చూడండి. ఇవేవీ ఫోటోలు కావు, కంప్యూటర్లో గీసిన బొమ్మలు. ఎర్రటి ఎల్‌హెచ్‌బీ బోగీలు, అవేనండి ఇప్పటి కొత్త రకం పొడుగు బోగీలు, తళతళా మెరుస్తున్నాయి, కింద "ప్రీ-ఆర్డర్" అని ఉంది. ఎంత వంపులో తిరుగుతాయో ఎక్కడా లేదు. మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా రెండుసార్లు వెతికాను. జర్మనీ కంపెనీ మెర్క్లిన్ వాళ్ళు 1859 నుంచి బొమ్మలు చేస్తున్నారు, వాళ్ళ కేటలాగులో ప్రతి బండి పక్కనా పొడవు ఎంతో, కనీసం ఎంత వంపు కావాలో ఉంటుంది. అది పెట్టడానికి ఒక్క లైను చాలు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే ఒకసారి దెబ్బతిన్నాను. పేరు వద్దు, ఒక తయారీదారు దగ్గర ఇలాగే బొమ్మ చూసి నాలుగు ఎల్‌హెచ్‌బీ బోగీలు ముందే డబ్బు కట్టి బుక్ చేశాను. పద్నాలుగు నెలలు ఆగాను. వచ్చిన రోజు రాత్రి భోజనం కూడా మానేసి కూర్చున్నాను. అసలు బోగీ 23.54 మీటర్లు, స్కేల్లో 27 సెంటీమీటర్లు, కొలిస్తే పక్కాగా ఉంది. నా వంపు 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, స్టార్టర్ సెట్ల పట్టాల్లో మామూలుగా దొరికే కొలతల్లో అదొకటి. వంపులోకి రాగానే బోగీ చివరలు సెంటీమీటరుకు పైగా బయటకు తోసుకొచ్చాయి, ఒకదాని కప్లింగ్, అంటే బోగీలను కలిపే కొక్కెం, ఇంకోదాన్ని పక్కకు లాగేసింది, మూడో బోగీ పట్టా తప్పి కిందికి, వసారా గచ్చు మీదికి పడింది. ఒక మూల మెట్టు విరిగింది. ఇదుగో, ఇప్పటికీ అతికించలేదు. ఫోన్ చేస్తే "పెద్ద వంపు వేసుకోవాలండీ" అన్నారు. ఆ మాట డబ్బు తీసుకునే ముందు చెప్పాలి కదా!

అప్పటి నుంచి నా లెక్క ఇది, మీరూ రాసుకోండి. బోగీ పొడవుకు మూడింతలు వ్యాసార్ధం ఉంటే ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. 27కు మూడింతలు 81 సెంటీమీటర్లు. మన దగ్గర ప్లైవుడ్ షీటు ఎనిమిది బై నాలుగు, నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు, అందులో అంచులు వదిలితే 55 మించి వంపు పట్టదు. అంటే ఒక్క షీటు మీద రైలు వేసుకున్నవాళ్ళకు ఈ పేజీలోని బోగీలు పనికిరావు. పాత ఐసీఎఫ్ బోగీ కొంచెం పొట్టి, స్కేల్లో 24.5, దానికి కూడా 55 తక్కువే, కానీ కప్లింగ్ కాస్త పొడుగ్గా పెడితే నెమ్మదిగా నడుస్తాయి. నేను నడుపుతున్నాను కూడా.

ఇదే బయటి నుంచి తెప్పిస్తే పరిస్థితి ఇంకా కష్టం. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. అంత కట్టి తెప్పించుకున్నది వంపు తిరగకపోతే ఎవరికి చెప్పుకుంటాం?

కేటలాగులో నాకు నచ్చిన పేజీ ఒక్కటే, వంతెనల పేజీ. అదీ మనది లేదనుకోండి. రాజమండ్రి ఆర్చి వంతెన ఎవరూ చేయలేదు. ఎందుకో లెక్క వేస్తే నాకే అర్థమైంది. ఒక్కో ఆర్చి 97.55 మీటర్లు, స్కేల్లో 112 సెంటీమీటర్లు, అలాంటివి 28. మొత్తం కడితే 31 మీటర్లు దాటుతుంది. మా ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెడితే కొబ్బరి చెట్లు దాటి కాలువ గట్టు దాకా పోతుంది. నేను ఒక్క ఆర్చి కడుతున్నాను, వెదురు బద్దలతో. తడిపి, వేడి చేసి వంచాలి. రెండు విరిగాయి, మూడోది నిలబడింది. ఇదిగో, ఇంకా రంగు వేయలేదు.

నాన్న అడుగుతున్నారు, కోటిపల్లి లైను కూడా వేస్తావా అని. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు ఒకప్పుడు ఉండేది, రెండో ప్రపంచ యుద్ధం టైములో పట్టాలు పీకేశారు, 2004లో మళ్ళీ వేశారు. ఒకే పెట్టెతో రైలు బస్సు తిరిగేది. నేను ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి దాన్ని చూడటానికే వెళ్ళాను. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా లైను వస్తుందని లోక్‌సభ స్పీకరుగా చేసిన మన బాలయోగి గారి కాలం నుంచీ వింటున్నాం. గౌతమిలో స్తంభాలు లేచాయి. వాటి మీద బండి పోయిన రోజు ఈ ఛానెల్లో లైవ్ పెడతాను.

నా మాట అడిగితే, ఇంజిను కొనండి. హారను తప్పు, చక్రాలు లోపలికి, అయినా కొనండి, షాపు వాళ్ళు తిరిగి పంపమంటే డబ్బు కట్టి ఉంచేసుకుంటాను. బోగీలు మాత్రం వద్దు. వంపు ఎంతో రాసి ఇచ్చేదాకా, అసలు బోగీ ఫోటో చూపించేదాకా ప్రీ-ఆర్డర్ కట్టకండి. షాపు వాళ్ళకు కూడా ఇదే మెసేజ్ పెట్టాను, జవాబు వస్తే కామెంట్లో పిన్ చేస్తాను.

ఇప్పుడు నేను మాట్లాడను. ఫ్యాను ఆపేశాను, కిటికీలు మూశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి నాచ్ నుంచి ఎనిమిదో నాచ్ దాకా, వెదురు ఆర్చి కిందుగా. వినండి.